చివర పైకొచ్చినవాడు ఆపే లైటు

మా ఇంటి మీద సోలార్ పెట్టించింది కరెంటు బిల్లు తగ్గుతుందని కాదు. ఊళ్లో చాలామంది అలాగే అనుకున్నారు కాబట్టి ముందే చెబుతున్నాను. మా అక్క ఊపిరి కోసం పెట్టించాను.

అక్కకు ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. మార్కాపురం డాక్టరు ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకోమన్నాడు. అది గాలిలోంచి ఆక్సిజన్ తీసి సన్నని గొట్టంతో ముక్కుకు అందిస్తుంది. పగలూ రాత్రీ ఎవరో గురక పెట్టినట్టు మోగుతూ ఉంటుంది. కరెంటు పోతే అదీ ఆగుతుంది. ఎండాకాలం గాలివాన వచ్చి కరెంటు పోతే మళ్లీ ఎప్పుడు వస్తుందో మా వైపు లైన్‌మన్‌కు కూడా తెలియదు. అలా పోయిన ఒక సాయంత్రం అక్క పెదవులు పలకరాయి రంగుకు తిరగడం చూశాను.

ఆ రంగు మా ఇంట్లో అందరికీ పుట్టుకతో తెలిసిన రంగే. బడిపిల్లల పలకలకు రాయి తీసే గని మా తాత తవ్వించాడు. పక్కనే కోత షెడ్డు. పిల్లలు పలకలు మానేశాక నాయన కాలంలోనే గని మూతపడింది. మిగిలినవి ఈ ఇల్లు, ఇంటి వెనక పనికిరాక పారబోసిన కొండంత రాతి రద్దు, దాని అవతల నీళ్లు నిండిన గని గుంట. నేను కర్నూలులో ఉద్యోగం చేసి రిటైరై వచ్చాను. అక్క ఈ ఇల్లు ఎన్నడూ వదల్లేదు. ఇప్పటికీ ఇస్త్రీ చొక్కా లేకుండా నేను గడప దాటను. వెనక నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ.

ప్యానెళ్లు బిగించడానికి గిద్దలూరు నుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. మాటకారి. మిద్దె ఎక్కి అటూ ఇటూ తిరిగి, ఇంటి ముఖాన తాత పేరు చెక్కిన ఎత్తు గోడ దగ్గర నిలబడ్డాడు.

“సార్, మధ్యాహ్నం దాటితే మీ తాత నీడ నా ప్యానెళ్ల మీద పడుతాది. ఈ గోడ సగం కొట్టేస్తే బ్యాటరీ పొద్దుగూకే లోపల నిండుతాది.”

“ఆ గోడ జోలికి పోవద్దు” అన్నాను.

“పేరు తీసి కింద పెట్టుకుందాం సార్, పోయేదేముంది?”

“చెప్పింది చెయ్యి.”

అతను భుజాలు ఎగరేసి, నీడ తప్పించి పట్టినన్ని ప్యానెళ్లే బిగించాడు. వరండా గోడకు ఇన్వర్టరు, దాని కింద తెల్లటి పెట్టెలా బ్యాటరీ పెట్టాడు. మిషన్ ఒక్క క్షణం కూడా ఆగకూడదని, ఇంటి పాత బోర్డును ఉన్నది ఉన్నట్టే ఇన్వర్టరు మీదికి మార్చాడు. ఎంత కరెంటు వస్తోందో, ఎంత పోతోందో నా ఫోన్‌లో కనిపించేలా చేశాడు.

తర్వాత పరీక్ష కోసం బయటి కరెంటు ఆపి, ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ అన్నీ ఆపించాడు. అక్క మిషన్ ఒక్కటే నడుస్తోంది. ఫోన్ చూసి నొసలు ముడిచాడు.

“ఇంకో మిషన్ ఉందా సార్ ఇంట్లో?”

“లేదు.”

“మరి ఇదేంది? అమ్మ మిషన్ ఎంత తాగుతాదో, దాదాపు అంత ఇంకోటి తాగుతాంది. ఇంకొకరెవరో ఊపిరి తీస్తాండారు సార్ మీ ఇంట్లో.”

నవ్వుతూనే అన్నాడు. లోపలి గదిలో మంచం మీద ఉన్న అక్క మాత్రం నవ్వలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

పాత బోర్డు చెక్క విప్పితే వెనకనుంచి నల్లటి వైరు ఒకటి గోడలోంచి నేలలోకి దిగి ఉంది. అది ఇంటి తీగలతో ఒకే ముడిలో కలిసిపోయి ఉంది. దాన్ని విడదీయాలంటే ఇల్లంతా ఆపాలి. వైరు రద్దు గుట్ట వైపు పోయింది. మిట్టమధ్యాహ్నం ఇద్దరం దాని వెంట నడిచాం. చిన్నప్పటి తర్వాత నేను గుట్ట అవతలికి పోలేదు. కాలి కింద పలక ముక్కలు విరుగుతూ, మా వెనక ఇంకెవరో నడుస్తున్నట్టు చప్పుడు చేశాయి. మేం ఆగితే కాసేపటికి అదీ ఆగేది.

షెడ్డు కప్పు సగం ఎగిరిపోయింది. గుంట అంచున ఇనుప స్తంభం, దాని మీద మూడు పెద్ద బల్బులు. మండే ఎండలో మూడూ వెలుగుతున్నాయి. కింద నల్లటి నీళ్లలో కూడా మూడు వెలుగులు, కదలకుండా. షెడ్డులో అంతటా వేలెడు దుమ్ము ఉంది. బల్బుల మీద లేదు.

“నేను పోతా సార్” అన్నాడు మేస్త్రీ. మాటకారితనమంతా ఎటో పోయింది.

ఇంటికి వచ్చి అక్కను అడిగాను. మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పింది. గనిలో ఒక కట్టడి ఉండేది. లోపల మనిషి ఉన్నంతవరకు పైన లైటు ఆపకూడదు. యజమాని అయినా ఆపకూడదు. చివర పైకొచ్చినవాడే స్విచ్చు పిడి కిందికి దించాలి. నేను హాస్టల్లో ఉన్న ఏడాది, వానకు గని పక్క విరిగి పడింది. అందరూ పైకొచ్చారు, ఒక్కడు రాలేదు. ఇంజన్లు పెట్టి నీళ్లు తోడించినా దొరకలేదు. చివరికి నాయన పిడి మీద చెయ్యి వేస్తే, ఆ రానివాడి భార్య అడ్డం వచ్చిందట.

“ఇంకా పైకి రాలేదు కదయ్యా, లైటెట్ల ఆపుతావు?” అందట.

నాయన చెయ్యి తీసేశాడు. గనికి కరెంటు తీసేసిన రోజున ఇంటినుంచి వైరు వేయించాడు. బల్బు మాడినప్పుడల్లా అక్క కొత్తది కొనిస్తుంది, ఆ భార్య పోయి మారుస్తుంది. ఊళ్లో అందరికీ తెలుసు. నాకు తప్ప.

“నీకు చెప్తే ఆపేస్తావని చెప్పలే” అంది అక్క.

“మన నాయన మాట నేనెట్లా ఆపుతాను?” అన్నాను. నాకు కోపం వచ్చింది. ఆ మాట నన్ను దాటి పోయినందుకు.

మేస్త్రీ దగ్గర దారి ఉంది. తక్కువ కరెంటు తాగే ఎల్‌ఈడీ బల్బులు వచ్చే వారం తెచ్చి పెడతానన్నాడు. గాలివాన వారం ఆగలేదు.

మబ్బు మధ్యాహ్నమే కమ్మింది. ఎండ లేదు, ప్యానెళ్లు ఊరికే పడున్నాయి. అప్పటికే తాత నీడకు ప్యానెళ్లు తగ్గి సగమే నిండిన బ్యాటరీ. గాలి లేవగానే ఊరంతా కరెంటు పోయింది. గనిలోంచి రానివాడి భార్య అప్పుడు మా ఇంట్లోనే ఉంది. ముసలిది. చర్చినుంచి వస్తూ వానకు మా వరండాలో ఆగితే అక్క లోపలికి పిలిచింది. అక్క మంచం పక్కన నేల మీద కూర్చుని కాళ్లు పడుతోంది.

నేను ఫోన్ చూస్తున్నాను. బ్యాటరీ దిగిపోతోంది. అక్క తాగేది ఒక వంతు, గుంట తాగేది ఒక వంతు. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే, ఊళ్లోకి వచ్చే దారిలో చెట్లు పడ్డాయి, తెల్లారేదాకా కరెంటు రాదన్నాడు. అందాకా ఇద్దరికీ సరిపోదు. ఒక్కరికి సరిపోతుంది.

ముసలామె నా ముఖం చూసింది.

“పోయి ఆపయ్యా. అమ్మ ఊపిరి కంటేనా.”

“వద్దు” అంది అక్క. “నువ్వు ఆపకూడదు తమ్ముడా. నువ్వు కిందికి పోయినోనివి కాదు.”

“ఏం మాటలక్కా ఇవి?”

“వద్దన్నా.”

నేను లేచాను. కట్టడి అక్కకంటే పెద్దది కాదు. వెనక తలుపు గడియ తీశాను. గుట్ట మీద వాన పడుతుంటే వేలమంది పలకల మీద రాస్తున్నట్టు చప్పుడు. గడప మీద ఒక కాలు పెట్టి, దారి కనబడుతుందేమోనని చేతిలోని ఫోన్ ఎత్తాను. దాని మీద ఎంత కరెంటు పోతోందో చూపే అంకె ఒక్కసారిగా సగానికి పడింది.

గుట్ట అవతల ఆకాశంలో ఎప్పుడూ ఉండే పసుపు మసక, ఆ పూట దాకా నేను గమనించనిది, ఇప్పుడు లేదు.

నేను గడప దాటలేదు. ముసలామె అక్క కాళ్లు పడుతూనే ఉంది. లోపల ఒకే మిషన్ ఊపిరి తీస్తోంది. తెల్లారేదాకా తీసింది.

పొద్దున ముసలామె, నేను పోయాం. బల్బులు మూడూ బాగానే ఉన్నాయి, వైరు తెగలేదు. స్తంభానికున్న స్విచ్చు పిడి కిందికి దించి ఉంది. పిడుగు పడిందనో, గాలికి జారిందనో అనుకుని దాన్ని పైకి లేపబోయాను. తుప్పు పట్టి రెండు చేతులకు కూడా కదల్లేదు. ఇంతకంటే నేనేమీ చెప్పను. చూసింది చెప్పాను.

ఆమె పిడి మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. ఏడవలేదు.

“మేం కాలనీలోకి మారినాం కదయ్యా” అంది. “పాత ఇల్లు పడిపాయె. ఆయనకు దోవ ఎట్ల తెలుస్తాది?”



తర్వాతి వారం మేస్త్రీ కొత్త బల్బులు తెచ్చాడు. గుట్ట అవతలికి రానని ముందే చెప్పాడు. అక్కర్లేదన్నాను. తాత గోడ కొట్టలేదు, ముందు వాకిట్లో ఇంకో ప్యానెల్ వేయించాను. తెచ్చిన బల్బుల్లో ఒకటి అక్క ముసలామెకు ఇచ్చింది.

కాలనీ దారిన పోయినప్పుడల్లా చూస్తుంటాను. ఆమె గుమ్మం ముందు ఎండలో కూడా అది వెలుగుతూ ఉంటుంది. తలుపు తీసే ఉంటుంది.