వెయ్యో పున్నమి

1984 అక్టోబరు 31, బుధవారం, సాయంత్రం ఆరు దాటింది. ప్రధానమంత్రి ఇక లేరని రేడియోలో చెప్పారు. చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో పత్తి తీసి వచ్చిన కూలీలు కూడా మా అరుగు ముందు నిలబడి విన్నారు. అందరూ వెళ్లాక మా అత్తగారు అడిగింది, తనకెన్నేళ్లని.

ఆమె పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. మొదటి పెద్ద యుద్ధం వచ్చిందని ఊళ్లో చెప్పుకున్న నెలలో పదేళ్లు నిండాయట. ఉప్పు వండినవాళ్లను పట్టుకెళ్లిన ఏడాది మా ఆయన పుట్టారు. స్వరాజ్యం వచ్చిన నాడు ఆమె మిరపనారు పోస్తోంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు మామగారు పోయారు. బడిలో లెక్కలు చెప్పేదాన్ని కనుక వెంటనే తేల్చాను: 1904 ఆగస్టు.

"అయితే వెయ్యి పున్నములు చూశానా?" అంది.

వెయ్యి పున్నములు చూసినవాళ్లకు వేడుక చేస్తారు. ఆ రోజు కనిగిరిలో ఉన్న చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని నలుగురికీ అన్నం పెట్టాలని ఆమె కోరిక. వాళ్లు కలుసుకుని పదకొండేళ్లయింది. వెయ్యిని పన్నెండుతో భాగించాను. ఎనభై మూడేళ్ల నాలుగు నెలలు. 1987 నవంబరుతో నిండుతాయన్నాను.

"అప్పటిదాకా ఉంటానో లేదో. బడిపిల్లలకి మార్కులు కలుపుతావుగా, నాకో రెండేళ్లు తగ్గించవే."

"లెక్క లెక్కే అత్తయ్యా."

పోనీ చెల్లెల్ని ఇప్పుడే రప్పిద్దామన్నాను. ఒప్పుకోలేదు. "అది బస్సెక్కితే ఒక్కసారే ఎక్కగలదు. ఆ రోజుకే రమ్మను." అలాగే ఉత్తరం రాశాను.

1986 ఫిబ్రవరి 11న, కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉండగా, ఆమె నిద్రలోనే పోయింది. పదకొండో రోజున చెల్లెలు వచ్చింది, మనవడి భుజం పట్టుకుని. పురోహితుడు వయసు అడిగితే నా లెక్క చెప్పాను. ఆయన కాసేపు వేళ్లు మడిచి, "అధిక మాసాలు కలిపారా అమ్మా?" అన్నారు.

కలపలేదు. రెండున్నర, మూడేళ్లకోసారి పంచాంగంలో ఒక నెల ఎక్కువ వస్తుంది, దానితో ఒక పున్నమి కూడా. నాకు తెలియంది కాదు. అంతకు ముందు ఏడే అధిక శ్రావణం వస్తే వరలక్ష్మీ వ్రతం నిజ శ్రావణంలోనే చేశాను.

ఆ పొద్దే మళ్లీ లెక్కవేశాను. ఆమె వెయ్యో పున్నమి 1985 జూన్ మొదటి వారంలో, ఏరువాక పున్నమి. ఆ రాత్రి డాబా మీద మంచాలు వేసుకుని పడుకున్నాం. ఆమె వెన్నెల బాగుందని అంది. నేను తొందరగా పడుకోమన్నాను.

నేను ఎక్కువ చెప్పినవి ఇరవై తొమ్మిది నెలలు. ఆ పున్నమి తర్వాత అక్కాచెల్లెళ్లిద్దరూ ప్రాణాలతో ఉన్నవి రెండు వందల యాభై మూడు రోజులు. వాటిలో వచ్చిన పున్నములు ఎనిమిది. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నవి, సున్న.