ఎవరు చేశారో తెలియని తుపాకీ

ఈ ఉదయం ల్యాబ్ తలుపు తీయగానే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నాకు ప్రభాకర్ గారే గుర్తొస్తారు. కెనడాలో, ఎడ్మంటన్‌లోని ఈ కాలేజీలో, కంప్యూటర్లో గీసిన డిజైన్ ఫైలును ప్లాస్టిక్ వస్తువుగా మార్చే ఈ త్రీడీ ప్రింటింగ్ ల్యాబ్ పెట్టింది ఆయనే, నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నదీ ఆయనే. ఒకసారి పుట్టుకతో వేళ్లు లేని ఒక పాపకు ప్లాస్టిక్ చెయ్యి చేసి తొడిగారు. ఆ పిల్ల దాంతో ఆయన కళ్లజోడు లాగేస్తే పడీపడీ నవ్వారు. “చూశావామ్మా? ఎవరైనా రావాలి, ఏదైనా చేసుకోవాలి. పర్మిషన్లు అడుగుతూ కూర్చుంటే ఇలాంటివి పుట్టవు” అన్నారు. ఇంట్లో ప్రింటర్లతో తయారుచేసే తుపాకులను, వాటి డిజైన్ ఫైళ్లను నిషేధించాలని చర్చ మొదలైనప్పుడూ, నిషేధాలు వద్దంటూ ఆయన అదే మాట మీద నిలబడ్డారు.

ఆ చలికాలం బస్‌స్టాప్‌లో ఒక యువకుణ్ణి ఎవరో కాల్చి చంపారు. దొరికిన తుపాకీ సగం ప్లాస్టిక్. దానిమీద నంబరు లేదు, ఎక్కడ తయారైందో చెప్పే గుర్తూ లేదు. ప్రింటర్లున్న చోట్లన్నీ తిరుగుతూ పోలీసులు మా దగ్గరికీ వచ్చారు. మా మెషీన్లలో పాత ఫైళ్లు ఎప్పటికప్పుడు చెరిగిపోయేవి, ఎవరు ఏం చేసుకున్నారో చూపడానికి ఏమీ మిగల్లేదు. వాళ్లు వెళ్లాక ఆయన నన్ను పిలిచారు.

“మనది కాదని చెప్పగలవా, సునీతా?”

“చెప్పలేను సర్.”

ఆ తర్వాత ఆయన నవ్వగా నేను చూడలేదు.

నిషేధం మీద కమ్యూనిటీ హాల్లో జరిగిన సభలో ఆయన లేచి, చట్టం కావాలన్నారు. బయటికి వస్తుంటే, ఏళ్లుగా ఆయనతో కలిసి ప్రింటర్లు బాగుచేసిన మిత్రుడు రమేశ్ గారు అడ్డం నిలబడ్డారు. “దొంగలు చట్టం చూసి ఆగుతారా? శిక్ష పడేది మనలాంటి వాళ్లకే కదండీ!”

“ఆగకపోవచ్చు రమేశ్. మనం ఇబ్బంది పడినా ఫర్వాలేదు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.”

రమేశ్ గారు పక్కకు తప్పుకున్నారు. అంతలో, బస్‌స్టాప్‌లో చనిపోయిన ఆ యువకుడి తల్లి మా దగ్గరికి వచ్చింది. ఆ తుపాకీ మీ దగ్గర తయారైందా అని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. ఆయన తెలియదన్నారు. ఆమె కోటు బొత్తాలు పెట్టుకుని మంచులోకి వెళ్లిపోయింది.

చట్టం వచ్చింది. ఆయన ఉద్యోగం మానేశారు. పోయిన శీతాకాలం గుండెపోటుతో పోయారు. అంత్యక్రియల్లో రమేశ్ గారు వెనక వరుసలో తలొంచుకుని కూర్చున్నారు. ఆ తుపాకీ ఎవరు చేశారో ఇప్పటికీ తేలలేదు.

ఇప్పుడు ల్యాబ్ నా చేతిలో ఉంది. ప్రతి ఫైలూ తెరిచి చూస్తాను. ఇదేమిటి, ఎవరికోసం అని అడుగుతాను. స్టూడెంట్లు విసుక్కుంటారు. అయినా అడుగుతాను. వాళ్లు ఏదో ఒకటి చెప్పి, చేసుకున్నది బ్యాగులో వేసుకుని వెళ్తారు. ఆ తలుపు దాటాక అది ఏమవుతుందో నాకు తెలియదు.