నీలంగనే ఉందమ్మా అన్నాను

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. పదిహేనేళ్లు దాటింది, ఒక బరువు మోస్తున్నాను. బరువంటే ఊరికే అనే మాట కాదు, చేత్తో పట్టుకోగలిగేదే. పాత రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దది. నా టేబుల్ సొరుగులో పాత సర్వే పుస్తకాల కింద ఉంది. అది నాది కాదు. అలాగని దొంగిలించాను అంటే అదీ పూర్తి నిజం కాదు. పంపమని నా చేతికిచ్చారు, నేను పంపలేదు. కంచే చేను మేసింది అంటారే, ఆ రకం.

నాణెం సంగతి చెప్పడం తేలిక. దాని వెనకాల ఇంకొకటి ఉంది. అక్కడిదాకా వెళ్తానో లేదో ఇప్పుడే చెప్పలేను. ఇదివరకు రెండుసార్లు రాయడం మొదలుపెట్టి నాణెం దగ్గరే ఆపేశాను.

మాది గద్వాల. వనపర్తిలో పాలిటెక్నిక్ చదివాను. రెండు వేల తర్వాత మా వైపు కాలువల సర్వే పనులు మొదలైతే ఒక కంట్రాక్టు కంపెనీలో చేరాను. కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ గుట్టల్లో తుమ్మముళ్ల మధ్య జీపీఎస్ మిషన్ పట్టుకుని తిరగడం, పాయింట్లు రాసుకోవడం నా పని. మొదటి పాయింట్ తప్పు పడితే కాలువ చివరిదాకా తప్పే పడుతుందని మా మేస్త్రీలు కూడా చెబుతారు. నేనూ కొత్తవాళ్లకు అదే చెప్పేవాణ్ని, గొంతు సవరించుకుని మరీ.

జలీల్, నేను బడిలో ఒకే బెంచీ. వాడు పదో తరగతి తప్పి, డ్రైవింగ్ నేర్చుకుని షార్జా పోయాడు. అక్కడ ఒక తెల్లదొర ఇంజనీరు దగ్గర కారు నడిపేవాడు. ఆ దొరకు ఒక ఆట పిచ్చి. ఎవరో దాచిన డబ్బాలను జీపీఎస్ పట్టుకుని ఎడారిలో వెతకడం. కొన్ని డబ్బాల్లో ఒక నాణెం ఉంటుంది, జియోకాయిన్ అంటారు. దాని మీద ఒక నంబరు చెక్కి ఉంటుంది. దొరికినవాళ్లు దాన్ని ఉంచుకోకూడదు. ఇంకో చోట ఇంకో డబ్బాలో పెట్టి, ఆ సంగతి ఆ నంబరు కింద ఇంటర్నెట్‌లో రాయాలి. అలా అది చేతులు మారుతూ దేశాలు తిరుగుతుంది. వదిలినవాడు దానికొక గమ్యం కూడా పెట్టుకోవచ్చు. ముక్కూ మొహం తెలియనివాళ్ల నమ్మకం తప్ప ఆ ఆటకు వేరే ఆధారం లేదు.

జలీల్ సెలవు మీద వచ్చినప్పుడు, దొర రంజాన్ కానుకగా ఇచ్చిన నాణెం చూపించాడు. ముదురు నీలం రంగు, అంచున వెండి గీత, మధ్యలో వేలితో తిప్పితే తిరిగే చిన్న చక్రం. "మన కృష్ణ ఒడ్డున ఇడుస్త. తిరుక్కుంట తిరుక్కుంట అది షార్జాల నా తాన్కి రావాలె" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ లోపల మండింది. రోజూ ఆ మిషన్ పట్టుకుని ఎండలో మాడేది నేను, డిప్లొమా నాది, కానుక మాత్రం కారు నడిపేవాడికి. ఇంత చిన్న మనసా అని మీరు అనుకోవచ్చు. అంతే ఉంది, పెద్దది చేసి చూపించలేను.

వాడు నాణేన్ని వదలకుండానే సెలవు అయిపోయింది. తల్లి దగ్గర పెట్టి వెళ్లాడు. ఏడు నెలలకు అక్కడే రోడ్డు మీద చనిపోయాడు. కాగితాలు కుదరక అక్కడే మట్టి చేశారు. ఇంటికి ఒక బ్యాగు మాత్రం వచ్చింది.

తల్లి పేరు ఖైరున్నిసా. నేను అమ్మా అనేవాణ్ని. ఆ ఇంట్లో ఇక మిగిలింది ఆమె, జలీల్ భార్య షాహిన్. ఆరు నెలల తర్వాత ఒకరోజు నన్ను పిలిపించి ఆ నాణెం నా ముందు పెట్టింది. దాన్ని వాడి గోరీ దాకా పంపాలంది. వాడు చెప్పిన ఆటలాగే, కృష్ణ ఒడ్డు నుంచే.

ఇలాంటి నాణేల గురించి నేను అప్పటికే నెట్ సెంటర్‌లో కూర్చుని చాలా చదివాను. వాటి యజమానుల మధ్య ఒక తెగని వాదన ఉంది. అసలుది వదలాలా, లేక దాన్ని ఇంట్లో దాచుకుని, అదే నంబరు వేసిన మారుబిళ్ల పంపాలా? వదలని నాణెం చచ్చిన నాణెమని కొందరు. మంచి నాణేన్ని వదలడమంటే దొంగ చేతిలో పెట్టడమేనని ఇంకొందరు. మారుబిళ్లను కూడా ఆటలో ఒప్పుకుంటారు. ఇదంతా ఆమెకు వివరంగా చెప్పాను. అసలుది మీ దగ్గరే ఉండనీ అమ్మా, నేను ఇంకోటి చేయించి పంపుతానన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మనసులో ఏ కల్మషమూ లేదు. లేదనే అనుకుంటాను.

"నకల్‌ది పంపుతరా బిడ్డా?" అంది ఆమె. "వాని ఆఖరి మొఖం నేను సూడలే. మనోళ్ల చేతి మట్టి గూడ వాని మీద పడలే. నా చెయ్యి తాకింది వాని తాన్కి పోవాలె. తొవ్వల యాడన్న పోయినా సరే, ఫికర్ లేదు. అసల్‌దే పంపు."

తర్వాత నాణేన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఏదో దువా చదివింది. దాని మీద ఊది, కళ్లకద్దుకుని నాకిచ్చింది.

ఆట ఒప్పుకుంది. ఆమె ఒప్పుకోలేదు. ఈ తేడా నాకు ఆ గుమ్మం దాటక ముందే తెలుసు.

మూడో రోజున గిన్నెల దుకాణానికి వెళ్లాను. పెళ్లి సామాను మీద పేర్లు కొట్టే మిషన్ ఉంటుంది కదా, దానితో ఒక ఇత్తడి బిళ్ల మీద నంబరు కొట్టించాను. "పేరెవరిదన్నా?" అని అలవాటుగా అడిగాడు అతను. పేరు వద్దు, నంబరే అన్నాను. రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఎందుకు చేశాను? అసలుది ఏ గొర్లకాపరికో దొరికి పోతుందని భయపడ్డానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. కానీ పోయినా సరే అని ఆమే అన్నది కదా? ఆమెకు లేని భయం నాకెక్కడిది? అది భయం కాదు. నాకు అది కావాలనిపించింది. ఆ మధ్యాహ్నం తలుపేసుకుని ఆ చక్రాన్ని ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు, తిప్పిన ప్రతిసారీ ఇంకొక్క రోజు ఉంచుకుందాం, వచ్చే ఆదివారం మార్చేద్దాం అనుకున్నాను, వచ్చే ఆదివారం కూడా అదే అనుకున్నాను. జలీల్ బతికుంటే అడిగి తీసుకునేవాణ్ని కాదు. చచ్చిపోయాడు కాబట్టి ధైర్యం వచ్చింది.

ఇత్తడి బిళ్లను స్టీల్ టిఫిన్ డబ్బాలో పెట్టి, కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల తీసుకెళ్లాను. పడవలు ఆగే చోటికి పైన రాళ్ల సందులో దాచాను. ఆ చోటు గుర్తులూ, గమ్యమూ ఇంటర్నెట్‌లో రాశాను: షార్జాలో ఫలానా శ్మశానం, ఫలానా పేరున్న గోరీ, అక్కడే వదిలేయండి, ఒక తల్లి కోరిక. చాలా బాగా రాశాను. చదివినవాళ్లకు కళ్లు చెమర్చేలా రాశాను. రాసి, ఇది ఎవరికీ దొరకకూడదని కోరుకున్నాను. దొరక్కపోతే నా తప్పు బయటపడే దారే ఉండదు.

పది నెలలు ఎవరికీ దొరకలేదు. నది చూడ్డానికి వచ్చిన హైదరాబాద్ దంపతులెవరో తీశారు. వాళ్ల నుంచి బొంబాయి చేరింది. అక్కణ్నుంచి ఒక విమాన సంస్థ ఉద్యోగి దుబాయ్ పార్కులో డబ్బాలో పెట్టాడు. చివరికి ఒక మలయాళీ అతనికి దొరికింది. అతను రెండు శుక్రవారాలు శ్మశానం ఆఫీసు చుట్టూ తిరిగి గోరీ నంబరు వెతికాడట. తను క్రైస్తవుణ్ని, అందుకే ఫాతెహా చదవడానికి ఒక ముస్లిం స్నేహితుణ్ని వెంట తీసుకెళ్లానని రాశాడు. ఇసుకలో చిన్న గుంట చేసి, బిళ్లను పెట్టి, ఫోటో తీశాడు. దారి పొడవునా ఇంతమంది, ఒక్కరంటే ఒక్కరు తప్పు చేయలేదు. మొదటి చెయ్యి నాది.

ఫోటో చూపించక తప్పలేదు. ఖైరున్నిసమ్మను, షాహిన్‌ను నెట్ సెంటర్‌కు తీసుకెళ్లాను. ఒక్క మనిషి పట్టే ప్లైవుడ్ గదిలో ముగ్గురం. అప్పటికే అమ్మకు రెండు కళ్లకూ పొర వచ్చింది. వెలుగూ నీడా తప్ప సరిగ్గా కనపడదు. కంప్యూటర్ అద్దానికి మొహం ఆనించినంత దగ్గరగా వంగింది.

"ఇసుకనా బిడ్డా గది?"

"అవునమ్మా, ఇసుక. రాయి గూడ ఉంది, పేరు రాసి."

"నాణెం కనపడ్తుందా? నీలంగ ఉందా?"

తెర మీద ఇత్తడి బిళ్ల పచ్చగా మెరుస్తోంది.

"నీలంగనే ఉందమ్మా" అన్నాను.

వెనక షాహిన్ ఉంది. ఆమె కళ్లకు ఏ పొరా లేదు. తెర వంక చూసింది. నా వంక చూసింది. నాది తేలు కుట్టిన దొంగ పరిస్థితి. షాహిన్ అత్త భుజం మీద చెయ్యి వేసి, "అవ్ అమ్మీ. మంచిగ నీలంగనే ఉంది" అంది.

అమ్మ ఆ తెరను ముద్దు పెట్టుకుంది. నా తల నిమిరి, నీ రుణం తీర్చుకోలేను బిడ్డా అంది.

బయటికి వచ్చాక, అమ్మ చెప్పులు వెతుక్కుంటుండగా షాహిన్ నా పక్కకు వచ్చింది. "అసల్‌ది యాడుందో నేను అడుగ. ఆమె ఉన్నన్ని దినాలు ఈ మాట ఎత్తకు" అంది. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇందులో షాహిన్ పిడికిట్లో ఏమీ లేదు. ఇద్దరం ఒకే అబద్ధం ఆడాం. ఆమె అత్త కోసం ఆడింది.

అమ్మకు ఆ ఫోటో ప్రింటు తీయించి ఇచ్చాను. నలుపు తెలుపులో తీయించాను, రంగు ఎవరికీ తెలియకుండా. ఆమె దాన్ని దిండు కింద పెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ చూపించి ఎట్లుందో చెప్పమనేది.

నాణెం కథ ఇక్కడికి అయిపోయింది. ఇంతకుముందు రెండుసార్లు ఇక్కడే ఆగిపోయాను.

మరుసటి ఏడాది వనపర్తిలో కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. ఉచితంగా పొర తీసి, అద్దాలు ఇచ్చి పంపుతారు. మా వాడకట్టు ముసలివాళ్ల పేర్లు రాసే కాగితం నాకిచ్చారు, చదువుకున్నవాణ్నని, నమ్మకస్తుణ్నని. ఆ రోజు పొద్దున అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఖైరున్నిసమ్మ గోడ పట్టుకుని, అడుగు తడుముకుంటూ ఒక్కతే వచ్చింది.

"బిడ్డా, నా పేరు గూడ రాయి. కండ్లొస్తె వాని ఫోటు నేనే సూసుకుంట."

ఫోటో నలుపు తెలుపే. ఆమె చూసినా తెలిసేది కాదేమో. కానీ చక్రం ఉండదు కదా? వెండి అంచు ఉండదు కదా? ఆ నాణేన్ని ఆరు నెలలు వేళ్ల మధ్య పెట్టుకుని తిరిగిన మనిషికి తెలియకుండా ఉంటుందా? ఇవన్నీ ఎంతసేపు ఆలోచించాననుకుంటున్నారు? ఊపిరి పీల్చుకునేంత సేపు కూడా పట్టలేదు.

"పేర్లు నిండినయమ్మా. మల్లొచ్చేసారి రాస్త" అన్నాను.

"సరే తియ్ బిడ్డా. నాకేం తొందర" అంది. నన్నే దీవించి, గోడ పట్టుకుని వెళ్లిపోయింది.

మళ్లీ క్యాంపు వెంటనే రాలేదు. వచ్చే లోపే, స్నానాల గది మెట్టు కనపడక జారిపడింది. తుంటి విరిగింది. మూడు నెలలు మంచంలో ఉండి చనిపోయింది. నేను చూడ్డానికి వెళ్లాను, పండ్లు తీసుకుని. దిండు కింద నుంచి కాగితం తీసి, నేనెవరినో గుర్తుపట్టకుండానే, ఎట్లుందో చెప్పమంది. బాగుందమ్మా అన్నాను.

షాహిన్ చెప్పిన మాట కోసం నోరు మూసుకున్నానని ఆ రోజుల్లో నాకు నేను చెప్పుకున్నాను. ఎంత సౌకర్యంగా దొరికిందో ఆ మాట! ఫోటో సంగతి చెప్పొద్దంది ఆమె, కళ్లు రాకుండా చేయమనలేదు. జనాజాకు నలుగురితో పాటు నేనూ భుజం పట్టాను. మట్టి కూడా వేశాను. ఆ మట్టి వేస్తున్నప్పుడైనా ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు.

తర్వాత షాహిన్ రాయచూర్‌లో అన్న దగ్గరికి వెళ్లిపోయింది. నాణెం జేబులో వేసుకుని ఒకసారి అక్కడిదాకా వెళ్లాను. బస్టాండులో చాయ్ తాగి, తిరుగు బస్సెక్కాను. ఏమని ఇవ్వాలి? ఇదిగో అసలుది అనా? ఇది చేరవలసిన గోరీ దగ్గర ఒక ఇత్తడి బిళ్ల ఉంది. దీని మీద దువా ఊదిన మనిషి లేదు. ఇప్పుడు ఇది దేనికీ పనికిరాదు, నేను సొరుగు తీసిన ప్రతిసారీ గుచ్చుకోవడానికి తప్ప. తిప్పడం ఏనాడో మానేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఉన్నదున్నట్టు ఒక్కరికైనా చెప్పాలని రాశాను, అందులోనూ ఒకటి ఇంకా మిగిలింది.

పేర్లు నిండాయన్నానే, ఆ కాగితంలో ఇంకా పదకొండు గీతలు ఖాళీగా ఉన్నాయి. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, తర్వాత లెక్కపెట్టాను. ఈ సంగతి ఇన్నేళ్లూ నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పాను.