సాక్ష్యం చెప్పాక కొన్న నలభై లాట్లు

సముద్రానికి హద్దు గీసి, ఇక్కడితో ఆగమని చెప్పగలిగిన దేవునికి స్తోత్రం. మనిషి తనకు తాను గీసుకోలేని హద్దును కనికరంతో గీసే తండ్రికి స్తోత్రం. మేము దారి తప్పిన రోజుల్లో కూడా మా వాళ్ల పొయ్యి ఆరిపోకుండా కాచిన ఆయన నామానికి మహిమ కలుగును గాక. ఆయన చేసిన మేలు చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

మా నాన్న పిట్టలవానిపాలెం చుట్టుపక్కల పల్లెల్లో ఉపదేశి. సైకిలు మీద ఊరూరూ తిరిగి వాక్యం చెప్పి, పిల్లలకు కీర్తనలు నేర్పేవాడు. నేను బాపట్లలో కాపురం పెట్టి, రోజూ పొద్దున్నే రైల్లో తెనాలి వెళ్లి, ఒక షేర్ల బ్రోకరు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునేవాణ్ణి. వచ్చినవాళ్లు కొనమంటే కొనడం, అమ్మమంటే అమ్మడం నా ఉద్యోగం.

"అది జూదం కాదు కదరా?" అని నాన్న ఒకసారి అడిగాడు.

"జూదంలా ఆడేవాళ్లకి జూదం నాన్నా. వ్యాపారంలా చేసుకునేవాళ్లకి వ్యాపారం."

"రెండు రకాలవాళ్లూ ఒక్క బల్ల మీదే కూర్చుంటారన్నమాట," అన్నాడు.

రెండు వేల ఎనిమిదిలో షేర్లతోపాటు డాలరు మీద కూడా బేరాలు మొదలయ్యాయి. ఒక లాటు అంటే వెయ్యి డాలర్లు. డాలరు రూపాయి పెరిగితే లాటుకు వెయ్యి రూపాయలు వస్తాయి, రూపాయి తగ్గితే వెయ్యి పోతాయి. అంత సరుకుకీ పూర్తి డబ్బు కట్టక్కర్లేదు. లాటుకు రెండు మూడు వేలు పూచీగా కడితే చాలు. ప్రమాదమంతా ఆ "చాలు" దగ్గరే ఉంది. చేతిలో కొంచెమే ఉన్నవాడికి కూడా చాలా కొనుక్కోవచ్చనిపిస్తుంది.

మా అక్కను రేపల్లె ఇచ్చారు. బావ అక్కడ రెండు రొయ్యల చెరువులు లీజుకు తీసుకుని సాగు చేసేవాడు. రొయ్యలు కొనడానికి వచ్చిన ఏజెంటు ప్రతిసారీ "డాలరు పడిపోయిందండీ, అందుకే ఈ రేటు" అనేవాడట. ఆ డాలరేదో కళ్లతో చూద్దామని బావ ఒకరోజు రైలెక్కి తెనాలి వచ్చాడు. తెర మీద అంకెలు కదులుతుంటే కాసేపు చూసి, "ఇదా నా రొయ్యల్ని తినేస్తోంది!" అన్నాడు.

మొదట్లో బావ అంత జాగ్రత్త మనిషిని నేను ఆ ఆఫీసులో చూడలేదు. యాభై వేలు తెచ్చాడు. నేను చెప్పాను: వంద రూపాయలు పెట్టుకుని కూర్చున్నవాడికి ఒక్క బేరం తప్పయినందుకు రెండు రూపాయలకు మించి పోకూడదు. యాభై వేలకు అది వెయ్యి రూపాయలు. అర్ధరూపాయి తగ్గితే బయటికి వచ్చేద్దామనుకుంటే లాటుకు అయిదు వందలు పోతాయి. కాబట్టి రెండు లాట్లు. ముందు ఎంత పోగొట్టుకోగలమో తేల్చుకోవాలి, ఎన్ని కొనాలో దాన్నిబట్టి వస్తుంది. తగ్గితే ఫలానా ధర దగ్గర అదే అమ్ముడుపోయేలా కంప్యూటరుకు ముందే చెప్పి పెట్టుకోవచ్చు, దాన్ని స్టాప్ లాస్ అంటారు.

బావ వెంటనే పట్టుకున్నాడు. "ఓస్, చెరువులో రొయ్యపిల్లని వదలడమే కదరా ఇది. పట్టినంత వదలకూడదు. నీళ్లు మొయ్యగలిగినంతే వదలాలి. ఎక్కువ వదిలావనుకో, ఒకదానికి జబ్బు చేస్తే అన్నీ తేలతాయి."

ఆ ఆఫీసుకు రోజూ వచ్చేవాళ్లలో కెమిస్ట్రీ లెక్చరరుగా రిటైరైన పెద్దాయన ఒకరుండేవారు. బావ గుమ్మంలోకి రాగానే, "రండి రొయ్యలగారూ! పొద్దున డాలరుకి మేత వేశారా?" అని మొదలుపెట్టేవారు.

"వేశానండి. మీ షేర్లే పాపం, తిండి మానేసి అడుగున పడుకున్నాయంట!" అనేవాడు బావ. నిజంగానే ఆ ఏడు షేర్లన్నీ అడుగంటాయి. డాలరు మాత్రం పెరుగుతూ పోయింది. నలభైల్లో ఉన్నది యాభై దాటింది. రెండు లాట్లతోనే, ఒకోసారి మూడింటితో, కొంటూ అమ్ముతూ బావకు నెమ్మదిగా ముప్ఫై వేల దాకా మిగిలాయి. ఆ ముప్ఫై వేలూ పెట్టి రేపల్లెలో వాళ్ల సంఘం మందిరానికి ఫ్యాన్లు కొనిచ్చాడు. అంతవరకూ నాకు సంతోషమే.

మా సంఘాల్లో ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తనకు చేసిన మేలు ఉన్నవాళ్లు లేచి చెబుతారు. జ్వరం తగ్గినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, కాన్పు సుఖంగా అయినవాళ్లు చెబుతారు. విన్నవాళ్లు ఆమెన్ అంటారు. మరుసటి ఏడు ఈస్టరు వెళ్లిన తరవాతి ఆదివారం, కొత్త ఫ్యాన్ల కింద, బావ లేచాడు. డాలరు ద్వారా దేవుడు తనను ఎలా లేవనెత్తాడో చెప్పాడు. అక్కడితో కూర్చుంటే బాగుండేది. "ఈ ఏడు రెండు చెరువుల లీజూ ఇందులోనుంచే దేవుడు ఇవ్వబోతున్నాడు. నేను నమ్ముతున్నాను. మీరూ ప్రార్థన చెయ్యండి," అన్నాడు. సంఘమంతా ఆమెన్ అంది. స్త్రీల సమాజంవాళ్లు శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆ విషయం చేర్చుకున్నారు.

మర్నాడు బావ రెండున్నర లక్షలతో తెనాలి వచ్చాడు. అది రెండు చెరువుల లీజు డబ్బు. ముందు పెట్టిన యాభై వేలూ అప్పటికే మేతకు తీసేసుకున్నాడు. మే నెలాఖరుకి కట్టాలి. కట్టకపోతే చెరువులు వేరేవాళ్లకు పోతాయి. అక్కావాళ్లకు వేరే ఆధారం లేదు.

"నలభై లాట్లు కొను," అన్నాడు.

నేను కుర్చీ వెనక్కి జరిపాను. "బావా, నలభై లాట్లంటే ఇరవై లక్షల సరుకు. రూపాయి పడితే నలభై వేలు పోతాయి. అయిదు లాట్లు కొందాం. రూపాయి కింద స్టాప్ లాస్ పెడదాం."

"స్టాప్ లాస్ వద్దు."

"అదేంటి?"

"సంఘమంతా ఆమెన్ అంది కదరా. ఇప్పుడు నేను పోయి 'ఒకవేళ పడితే' అని కాగితం మీద పెడితే, దేవుడికి నేను ఏం చెప్పినట్టు? 'నువ్వు చెయ్యకపోవచ్చులే' అన్నట్టు కాదా?"

ఇద్దరం ఒకే రకం ఇళ్లలో పెరిగాం. విశ్వసించడమంటే వెనక్కి చూడకపోవడమని చిన్నప్పటినుంచీ విన్నాం. అయితే అరణ్యంలో తన ప్రజలకు ఆకాశంనుంచి మన్నా అనే ఆహారం కురిపించినప్పుడు, దేవుడు ఏ రోజుకారోజు సరిపడానే ఏరుకోమన్నాడనీ విన్నాం. అది గుర్తుచేశాను. "అది తిండి సంగతి, ఇది విశ్వాసం సంగతి," అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పి చూశాను. డాలరు పడితే రొయ్య రేటూ పడుతుంది, చెరువులూ ఇదీ రెండూ ఒకే వైపు కట్టినట్టవుతుందన్నాను. వినలేదు. ఖాతా ఆయనది, డబ్బు ఆయనది. యాభైన్నర దగ్గర నలభై లాట్లు కొన్నాను.

డాలరు అక్కడినుంచి ఒక్కసారిగా పడలేదు. పది పైసలు పడేది, అయిదు పెరిగేది. బావ చెరువు గట్టు మీదనుంచి ఫోను చేసేవాడు.

"ఎంతరా?"

"నలభై తొమ్మిదీ ఎనభై."

"వస్తుందిలే. శుక్రవారం ఉపవాస ప్రార్థన జరిగింది."

వారం తరవాత అదే ప్రశ్న, ఇంకొంచెం తక్కువ అంకె. ఫోనులో చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్ల చప్పుడు వినబడుతుండేది. కొన్ని లాట్లయినా అమ్మేద్దామంటే, "ఆదివారం ఎవరైనా అడిగితే ఏం చెప్పను?" అనేవాడు. డబ్బు పోతుందన్న భయం కన్నా, తన మాట అబద్ధమైతే దాంతోపాటు దేవుడి పేరు కూడా పోతుందన్న భయం ఆయనను తినేసింది. మొండితనమని ఆఫీసులో వాళ్లు అనుకున్నారు. నాకు మాత్రం ఆయన మీద జాలే కలిగింది.

మే నెలలో ఎన్నికల ఫలితాలు శనివారం వచ్చాయి. స్థిరమైన ప్రభుత్వం వస్తోందని తేలిపోయింది. షేర్లు లేస్తాయి, రూపాయి బలపడుతుంది, డాలరు పడుతుంది. ఆ సాయంత్రమే అక్కకు ఫోను చేశాను. లీజు డబ్బే అందులో పెట్టాడన్న సంగతి అంతవరకూ ఆమెకు తెలియదు. నేను చెప్పిందంతా విని, "సోమవారం ఆయనతోపాటు నేనూ వస్తా," అని పెట్టేసింది.

సోమవారం షేర్ల బజారు ఎంత లేచిందంటే, తెరిచిన కాసేపటికే నిబంధన ప్రకారం ఆపేశారు. మా ఆఫీసు పెళ్లిల్లయింది. ఏడాదిగా మొహాలు వేలాడేసినవాళ్లంతా ఒకరినొకరు వాటేసుకుంటున్నారు. ఎవరో లడ్డూల డబ్బా తెచ్చారు. ఆ సంబరంలోకి బావా అక్కా వచ్చి నా పక్కన రెండు కుర్చీల్లో కూర్చున్నారు. డాలరు బేరాలు మాత్రం నడుస్తున్నాయి, ధర నలభై ఎనిమిది దగ్గర ఉంది. రెండున్నర రూపాయలు పడింది. నలభై లాట్లకు లక్ష పోయింది.

లెక్చరరుగారు లడ్డూ పట్టుకుని, "ఏమండోయ్ రొయ్యలగారూ," అంటూ వచ్చి, బావ మొహం చూసి ఆగిపోయారు. లడ్డూ చేతిలో ఉండగానే వెనక్కి వెళ్లి, కాసేపటికి మూడు టీలు పంపించారు.

"ఇంక ఎంత ఉంది?" అంది అక్క, నన్నే చూస్తూ.

"లక్షన్నర అక్కా. ఇప్పుడు అమ్మేస్తే ఒక చెరువుకి లీజు కట్టి, పిల్లకీ మేతకీ మిగులుతుంది. ఉంచితే, ఇంకో రూపాయి పడినా అదీ చాలదు."

"పెరగొచ్చు కూడా," అన్నాడు బావ. "అందరూ ప్రార్థన చేస్తుంటే నేనే మధ్యలో లేచి వచ్చేస్తే ఎట్లా?"

అక్క బావవైపు తిరిగింది. "ఉపవాస ప్రార్థనలో నేను కూర్చున్నానయ్యా, నువ్వు కాదు. వాళ్లు ఏం అడిగారో నీకు తెలుసా? వెనక వీధి పెద్దమ్మ మోకాళ్ల మీద పడి, 'ప్రభువా, ఆ డాలరుగారి మనసు కరిగించు, ఈ పిల్లల చెరువు వాళ్లకి ఇప్పించు' అని ఏడ్చింది. డాలరంటే చెరువు ఆసామి అనుకుంది ఆవిడ. నేను నవ్వలేక చచ్చాను." చెబుతూనే అక్క నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఎవరికి కావాలి నీ డాలరు? వాళ్లు అడిగింది మన చెరువు. మన తిండి. అది ఇంకా దేవుడి దగ్గర సగం ఉంది. దాన్ని కూడా నువ్వే లాక్కుని పారేస్తావా?"

బావ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. పక్కన అందరూ నవ్వుతున్నారు, ఫోన్లు మోగుతున్నాయి. "సగం అమ్ము," అన్నాడు చివరికి.

"సగమెందుకు?" అంది అక్క.

"ఒక్కసారిగా అంటే... ఏమోనే, చెయ్యి రావట్లేదు."

"నీ చెయ్యి ఎందుకు? వాడు నొక్కుతాడుగా."

ఇరవై అమ్మాను. బావ కళ్లు మూసుకుని పెదాలు కదిలించాడు. అడిగిందేమిటో నాకు తెలియదు. కళ్లు తెరిచి, "మిగతావీ," అన్నాడు.

మరుసటి ఆదివారం నేను కావాలనే రేపల్లె వెళ్లాను. సాక్ష్యాల సమయంలో బావ లేచాడు. ఒక తల్లి అంతకుముందే కొడుకు పరీక్ష పాసైన సంగతి చెప్పి కూర్చుంది. బావ గొంతు సరిచేసుకుని, "మొన్న మీ ముందు ఒక మాట అన్నాను. అది దేవుడు నాతో చెప్పిన మాట కాదు. నా ఆశని నేను ఆయన నోట్లో పెట్టాను. ఒక చెరువు డబ్బు పోయింది. ఒక చెరువు డబ్బు ఉంది. అంతే," అని కూర్చున్నాడు.

పోగొట్టుకున్నదాని గురించి ఎవరూ అక్కడ అలా సాక్ష్యం చెప్పినవాళ్లు లేరు. ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పాస్టరు అయ్యగారు కూడా కీర్తనల పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడిపోయారు. అప్పుడు స్త్రీల వైపునుంచి ఆ పెద్దమ్మ, "ఉన్న చెరువు కోసం స్తోత్రం ప్రభువా!" అని గట్టిగా అంది. ఒకరి వెనక ఒకరు అందరూ అన్నారు.

రెండో చెరువు వేరేవాళ్లకు పోయింది. దాని గట్టు మీద వాళ్ల కాపలా గుడిసె లేచింది. బావ దాని పక్కనుంచే నడిచి తన చెరువుకు వెళ్లాలి. ఆ ఏడు అక్కావాళ్లు సర్దుకున్నవి చాలా ఉన్నాయి, వాటి గురించి ఆమె నాతో ఎప్పుడూ చెప్పలేదు. చలికాలంలో పట్టిన రొయ్యలు పరవాలేదనిపించాక బావ మళ్లీ తెనాలి వచ్చాడు. కుర్చీలో కూర్చుంటూ డాలరు ఎంత అని అడగలేదు. "తప్పయితే ఎంత పోద్ది?" అని అడిగాడు. రెండు లాట్లు కొని, స్టాప్ లాస్ పెట్టించి, రైలుకు వేళైందని వెళ్లిపోయాడు. బేరం చేతిలో ఉన్నంతకాలం సంఘంలో దాని ఊసెత్తేవాడు కాదు.

ఇది చదువుతున్న అమ్మా, అయ్యా, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ఈ రోజు కూడా ఎక్కడో ఎవరో ఇంటి తిండంతా ఒక్క ధర మీద పెట్టి తెర ముందు కూర్చుని ఉంటారు. పదిమందిలో ఒక మాట అన్నందుకు వెనక్కి రాలేక కూర్చుని ఉంటారు. తండ్రీ, వాళ్ల పక్కన కూర్చునే మనిషిని పంపించు. పోయినదాన్ని పోయిందని చెప్పే ధైర్యం ఇవ్వు. మిగిలినదాన్ని చూపించు. మేము ఆశపడినదానికీ నువ్వు వాగ్దానం చేసినదానికీ తేడా మాకు తెలియజెయ్యి. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమెన్.