చేటకు నోరు ఎటువైపు

నూజివీడు దాటి కొంత దూరం పోతే, ఎర్రనేల వాలు మీద మా మామిడితోట ఉన్నది. ముప్పై యేళ్ళు బడిలో పద్యాలు చెప్పి విరమించిన పిమ్మట నా ప్రొద్దులన్నీ అక్కడే గడుస్తున్నవి. ఆ యేడు, గాలివానకు కూలిన ముసలి చెట్ల చోట నలభై చిన్నరసం అంట్లు నాటదలచాను. లేత అంటు మొదటి వేసవి దాటితే బ్రతికినట్లే. దాటడానికి కావలసిన నీరు మా బోరు ఇవ్వదు. కనుక ఆ వానలకే ఒక కుంట నిండి తీరాలి.

కుంటకు స్థలం నేనే నిర్ణయించాను. నా చిన్నతనంలో తోట పడమటి మూలన, వాన వెలిసిన మూడు రోజుల దాకా నీరు నిలిచేది. రాలిన పిందెలను అందులో పడవలుగా వదిలిన జ్ఞాపకం. జ్ఞాపకాన్ని మించిన సర్వేయరు ఎవడుంటాడన్న ధీమాతో జేసీబీని పిలిపించి అక్కడే తవ్వించాను.

"అక్కడికి నీళ్ళెలా వస్తాయండీ?" అన్నది మా ఆవిడ, వరండాలో మినుములు చెరుగుతూ.

వివరించే అవకాశం దొరికితే ఉపాధ్యాయుడు వదలుకోడు. "నీ చేతిలోని చేట చూడు. మూడు వైపులా అంచు, ఒక వైపు నోరు. ఏటి పరీవాహక ప్రాంతం కూడా ఇంతే. మిట్టలు అంచులు. వాటి నడుమ ఎక్కడ పడ్డ చినుకైనా ఆ నోటి నుంచే పోవాలి. మన తోట చిన్న చేట, అది వాగనే పెద్ద చేటలోకి ఒలుకుతుంది. వాగు రామిలేటిలోకి, రామిలేరు కొల్లేటిలోకి. అటు జి. కొండూరు వైపు కురిసిన వానను బుడమేరు పట్టుకుంటుంది. అదీ చివరకు కొల్లేటికే."

"కొల్లేటి సంగతి తర్వాత. మన చేటకు నోరెటో చూసుకున్నారా?"

చూసుకున్నానని ఘనంగా చెప్పాను.

అంట్లు నాటిన వారానికే పెద్ద వాన కురిసింది. మరునాడు వెళ్ళి చూస్తే కుంటలో చీలమండ లోతు నీరు. అదీ నేరుగా ఆకాశం నుంచి అందులో పడినదే. చుట్టూ నేల నుంచి ఒక్క ధారైనా దిగిన జాడ లేదు. తూర్పు కంచె వద్ద మాత్రం నీరు గండి కొట్టుకొని, మా ఎర్రమట్టిని మోసుకొని వాగులోకి పోయింది. నలభై అంట్లూ నా వంక చూస్తున్నట్లు తోచింది.

మా తండ్రిగారి నాటి నుంచీ తోటపని చూస్తున్న పెద్దామె ఒకతె ఉన్నది. ఆ ఆదివారం ప్రార్థన ముగించుకొని, తెల్లచీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకొని, తిన్నగా తోటకు వచ్చింది. కుంటలోకి తొంగి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"నవ్వితే నవ్వావుగానీ, కారణం చెప్పమ్మా."

"నన్నడుగుతారేంటండి మేష్టారూ, నీళ్ళనడగండి. ఇలా రండి."

తోట నడుమకు తీసుకుపోయింది. నేల మీద ఎండుటాకులు, పుల్లలు బారులు తీరి ఉన్నవి. వాన నీరు ఇంకిపోతూ తాను నడిచిన బాట వెంట వాటిని విడిచిపోయింది. ఆ బారులన్నీ ఉత్తరపు మెరక నుంచి పడమటి మూలకేసి ఏటవాలుగా బయలుదేరి, నడిమి వరుస దగ్గర ఒక్కసారిగా తూర్పు కంచె వైపు మళ్ళినవి. మళ్ళిన చోట వంగి చూస్తే జానెడు ఎత్తు మిట్ట, తోట పొడవునా. వాన నీటికి జానెడే వింధ్య పర్వతం.

"ఇది మా నాన్నగారి నాడు లేదే!"

"లేదండి. మీరే కట్టారు."

"నేనా?"

"దుక్కి ఎప్పుడూ నడిమి సాలు నుంచే మొదలెట్టాలని ట్రాక్టరబ్బాయిని ఏటా నిలబెట్టి మరీ చెప్పలా? నాగలి మట్టిని ఓ పక్కకే తిప్పుద్ది. అటు పోతూ ఓసారి, ఇటు వస్తూ ఓసారి నడిమికే తోసింది. ఇన్నేళ్ళకి గట్టైంది."

నిజమే. సాళ్ళు పద్యపాదాల వలె నడిమి నుంచి రెండు వైపులా సమంగా సాగాలన్నది నా పట్టుదల. నదులను విడదీసే మిట్టలు సృష్ట్యాదిలో పుట్టినవని పిల్లలకు చెప్పిన నేనే, ఏటేటా ఒకటి పెంచి పోషించాను.

మరునాడు పార, పలుగు పట్టి, ఆకుల బారులు మళ్ళిన మూడు చోట్ల మిట్టను కోశాము. కుంట నిండిన పిమ్మట మిగులు నీరు వాగులోకి పోవడానికి దిగువన రాళ్ళతో అలుగు పేర్పించింది ఆమె. "కింది తోటలోళ్ళూ బతకాలి కదండీ" అన్నది.

తరువాతి వానకు మా ఆవిడ కూడా గొడుగు వేసుకొని వచ్చింది. మొదట నురగ, వెనుక ఎండుటాకులు, ఆ వెనుక ఎర్రని నీరు, మూడు కోతల గుండా గలగలమంటూ కుంటలోకి దిగినవి.

"చేటకు నోరు దొరికిందండోయ్!" అన్నది మా ఆవిడ. పెద్దామె నవ్వు వాన చప్పుడును మించినది.

ఆ వేసవిలో కుంట నీరు బిందెలతో మోసి పోశాము. ముప్పైఎనిమిది అంట్లు రాగిరంగు చిగుళ్ళు తొడిగినవి. తక్కిన రెంటినీ మేక మేసింది; ఆ నేరం నా దుక్కిది కాదు.

తొలకరికి ట్రాక్టరు వచ్చి కంచె దగ్గర ఆగినప్పుడు పెద్దామె అడిగింది: "ఈయేడు దుక్కి ఎటునుంచండి మేష్టారూ?"

"నీళ్ళనడిగి చెప్తానమ్మా."

"అవి నాతో చెప్పేశాయి లెండి," అని, డ్రైవరుకు తూర్పు అంచు చూపించింది.