బండి కడక్కుండా తెమ్మనే మేస్త్రీ గారు

మొన్న మంగళవారం పొద్దున్నే మేస్త్రీ గారి పెద్దమ్మాయి ఫోన్ చేసింది. "నాన్న పోయారండీ" అంది. ఆ వెంటనే, "మీరొక సాయం చెయ్యాలి. మూణ్ణాళ్ళుగా వాన కదా, సమాధుల తోటకెళ్ళే దారంతా దిగబడుతోంది. వ్యాను వాళ్ళు రామంటున్నారు. మీ బండినీ డ్రైవరు కోటయ్యనీ పంపిస్తారా?" అని అడిగింది. పంపడమేమిటమ్మా, నేనే తీసుకొస్తానన్నాను. ఫోన్ పెట్టేసి కోటయ్యకి కబురు పెట్టాను.

చీరాల రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మెకానిక్ ఆయన. సన్నటి మనిషి. చొక్కా జేబులో చిన్న కొత్త నిబంధన పుస్తకం, దాని పక్కనే టెస్టర్. బల్ల మీద సత్తు డబ్బాలో వేటపాలెం జీడిపప్పు బద్దలుండేవి. బండి పాడై చిరచిరలాడుతూ వచ్చినవాడికి ముందు నాలుగు బద్దలు చేతిలో పెట్టేవారు. "నములుతూ చెప్పండి. నోట్లో ఏదన్నా ఉంటే మనిషి నెమ్మదిగా మాట్లాడతాడు" అనేవారు. నాలాంటి వాళ్ళ కోసమే ఆ డబ్బా పెట్టారని నా అనుమానం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది మరి.

ఆయనకి నచ్చని పని ఒక్కటే, బండిని కడిగి తేవడం. మన దగ్గర మెకానిక్ దగ్గరికి వెళ్ళేముందు బండిని శుభ్రంగా కడిగి తీసుకెళ్ళడం ఒక మర్యాద. ఆయన దాన్ని మర్యాదగా తీసుకునేవారు కాదు. "దెబ్బ తగిలినవాడికి స్నానం చేయించి, పౌడరు రాసి డాక్టరు దగ్గరికి తెస్తారా? బురదతోనే తీసుకురండి. ఎక్కడ పడిందో, ఎక్కడ పడలేదో నేను చూసుకోవాలి" అనేవారు. ఆ సంగతి తెలియక ఆయన దగ్గర మొదటిసారి చివాట్లు తిన్నవాళ్ళలో నేనొకణ్ణి.

పది పన్నెండేళ్ళ కిందటి మాట. మా ఊళ్ళో నాలుగు చక్రాలూ లాగే పికప్ కొన్న మొదటివాణ్ణి నేను. మాది నల్లరేగడి. మిరప చేలల్లోకి వెళ్ళే డొంకలో నాలుగు చినుకులు పడితే ఎడ్ల బండి కూడా కదలదు. మామూలుగా ఈ బండికి వెనక చక్రాలే లాగుతాయి. బురదలో దిగేముందు డ్రైవరు కిందికి దిగి, ముందు చక్రాల మధ్యలో ఉండే బిళ్ళల్ని రెండు వైపులా చేత్తో తిప్పాలి. తర్వాత లోపలికెళ్ళి చిన్న గేర్ రాడ్ లాగితే నాలుగు చక్రాలూ లాగుతాయి. దాన్ని నడిపేవాడు కోటయ్య. మాట తక్కువ, పని ఎక్కువ.

ఆ ఏడు మార్చిలో కాయ కళ్ళంలో ఎండుతుండగా అకాల వాన పట్టుకుంది. ఉన్నంతలో బస్తాలకెత్తి బండి నింపాం. కోటయ్య దిగి బిళ్ళలు తిప్పాడు, రాడ్ లాగాడు. బండి డొంకలో వంద గజాలు పోయి కూరుకుపోయింది. వెనక చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి గానీ ముందుకు అంగుళం కదలదు. బండిలో కాయ తడిసింది. రెండో విడతకి బండి వస్తుందని కళ్ళంలో ఉంచిన కాయా తడిసింది. వారం తిరిగేసరికి సగానికి పైగా రంగు పోయి తాలైపోయింది.

నేను కూలీలందరి ముందూ కోటయ్యని నోటికొచ్చినట్టు తిట్టాను. "ఫోర్ వీల్ వెయ్యడం చేతకానోడివి స్టీరింగ్ ఎందుకు పట్టుకున్నావురా!" అన్నాను. అతను, "తిప్పానండీ, రెండూ తిరిగినయ్యండీ" అన్నాడు. రెండుసార్లు అదే అన్నాడు. నేను వినలేదు. కోటయ్య తాళం చెవులు నా చేతిలో పెట్టి, తల మీద కండువా వేసుకుని వానలో వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ అతన్ని డ్రైవరుగా పెట్టుకోలేదు. అతని పేరు చెప్తే, మిరపకాయ బురదపాలు చేసినవాడేగా అనేవారు. నేను కొత్త డ్రైవర్ని పెట్టుకున్నాను.

తొలకరిలో అదే డొంకలో కొత్త డ్రైవరూ బండి దించేశాడు. అప్పుడు గానీ నాకు బండి మీద అనుమానం రాలేదు. ట్రాక్టరుతో లాగించి, తళతళలాడేట్టు కడిగించి, మేస్త్రీ గారి షెడ్డుకి స్వయంగా తోలుకెళ్ళాను.

ఆయన బండి చుట్టూ తిరిగి, "ఇంత ముస్తాబు చేసి తెస్తే నాకేం కనబడుద్దండీ?" అని విసుక్కున్నారు. షెడ్డు వెనక నీళ్ళు నిలిచిన బీడు ఉంది. నన్ను అందులో నడపమని, తను లుంగీ ఎగ్గట్టి బండి పక్కన నడిచారు. పది గజాలు పోయాక చెయ్యెత్తి ఆపమన్నారు. వంగి ముందు చక్రాల గుర్తులు చూశారు. వాడరేవు ఇసుకలో చేపల బళ్ళు లాగిస్తూ ఈ చూపు పట్టుబడిందని తర్వాతెప్పుడో చెప్పారు.

"ఇటు రండి. వెనక చక్రం గుర్తు చూడండి, మట్టి వెనక్కి తన్నింది. ముందు చక్రం ముందరేమో మట్టి కుప్పపడింది. అది లాగట్లా, వెనకది తోస్తుంటే పోతోందంతే" అన్నారు.

షెడ్డులో ముందు భాగాన్ని జాకీల మీద లేపారు. ఇంజన్ ఆపి, రాడ్ వేసి, ఎడమ చక్రాన్ని చేత్తో తిప్పితే లోపలి ఇరుసునీ తిప్పుకుంటూ బరువుగా తిరిగింది. కుడి చక్రం మాత్రం గాలిమరలా తేలిగ్గా తిరిగింది. "లోపలంతా బాగానే ఉంది. ఈ కుడి బిళ్ళ దగ్గరే పట్టట్లా. ఒకటి పట్టి ఒకటి పట్టకపోతే, బలమంతా పట్టని వైపే పోద్ది. రెండూ లేనట్టే" అని, బ్లేడు తీసి బిళ్ళని గీకడం మొదలుపెట్టారు. ఎర్ర రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. దాని కింద ఇంకో పొర, ఆ కింద ఇంకోటి. చివరికి బాణం గుర్తు బయటపడింది. బిళ్ళ ఆ గుర్తు దాకా పోకుండా, ముప్పాతిక దూరం తిరిగి, సందులో గడ్డకట్టిన రంగుకి తట్టుకుని ఆగిపోయింది. తిప్పినవాడికి పూర్తిగా తిరిగినట్టే ఉంటుంది.

"ఈ రంగు ఎవరేశారండీ?" అన్నారు.

ప్రతి దసరాకీ ఆయుధపూజ నాడు బండికి పసుపు కుంకాలతో సరిపెట్టక, చక్రాల మధ్య ఎర్ర పెయింటు వేయడం నా సరదా. నా చేత్తో నేనే వేస్తాను. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ క్షణాన నా నోట్లోంచి వచ్చిన మాట, "డ్రైవరు వేసుంటాడు."

మేస్త్రీ గారు తల ఎత్తలేదు. గీకుతూనే, "బళ్ళకి రంగులేసేది దసరాకేగా. కోటయ్య దసరాకి ఊళ్ళో లేడు కదండీ. అత్తగారింటికి పోయాడు. మూడు నెలల్నుంచి ప్రతి ఆదివారం గుళ్ళో ప్రార్థన అయ్యాక ఇక్కడికొచ్చి కూర్చుంటన్నాడు. తిప్పాను, తిరిగింది, ఎందుకు పట్టలేదు మేస్త్రీ గారూ అని అదే మాట. బండి చూడకుండా నేనేం చెప్పను? ఇది ఎప్పుడొస్తదా అని నేనూ చూస్తన్నా" అన్నారు.

జీడిపప్పు డబ్బా నా వైపు జరిపారు. నేను తీసుకోలేదు. "నేనే వేశానండీ" అన్నాను.

"తెలుసు" అన్నారు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. "బిళ్ళ బాగుచెయ్యడం అరగంట పని. మీరీలోపు వేటపాలెం పోయి రండి. కోటయ్య జీడిపప్పు కార్ఖానాలో బస్తాలు మోస్తన్నాడు, గింజలూ కొడతన్నాడు. అతనొచ్చి తిప్పి చూసుకున్నాకే బండి దించుతా. ఇంకో మాట. తిట్టింది పదిమందిలో కదా? చెప్పేదీ పదిమందిలోనే చెప్పండి."

బస్సులో వెళ్ళాను. కార్ఖానా ముందు భోజనాల వేళ, పాతికమంది కూలీలు చూస్తుండగా, తప్పు నాదని కోటయ్యతో చెప్పాను. జీడి గింజల నూనెకి అతని వేళ్ళు నల్లబడి చర్మం పొలుసులు లేచింది. నా మీద కోప్పడలేదు. "అయితే నేను సరిగ్గానే తిప్పానాండీ?" అని అడిగాడు. సరిగ్గానే తిప్పావయ్యా అన్నాను. పక్కకి తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఇద్దరం కలిసి వచ్చేసరికి షెడ్డులో మేస్త్రీ గారు బిళ్ళ మీద ఉలితో చిన్న గాటు పెట్టి ఉంచారు. కోటయ్య వేలు పట్టుకుని ఆ గాటు మీద పెట్టి, "ఇది పైకొచ్చిందాకా తిప్పు. కంటికి కనబడకపోయినా వేలికి తెలుస్తది" అన్నారు. ఆ సాయంత్రం బండి కోటయ్యే తోలాడు, అప్పట్నుంచీ అతనే తోలుతున్నాడు. ఆ తర్వాత ప్రతి దసరాకీ మా ఇంటికి ఆయన దగ్గర్నుంచి కబురొచ్చేది, "బొట్టు చాలని చెప్పండి" అని.

మొన్న సమాధుల తోట దారి మొదట్లో తారు రోడ్డు అయిపోయిన చోట కోటయ్య బండి ఆపాడు. వెనక పెట్టెలో మేస్త్రీ గారు, పెట్టె చుట్టూ ఆయన పిల్లలు. కోటయ్య దిగి కుడి బిళ్ళ తిప్పాడు, అటు వెళ్ళి ఎడమ బిళ్ళ తిప్పాడు. మళ్ళీ కుడి వైపుకి వచ్చి గాటు తడిమి చూసుకున్నాడు. బండి ఎక్కడా ఆగకుండా ఆ బురదలో నెమ్మదిగా పోయింది. పాస్టరు గారి పక్కన నడుస్తూ నేను చక్రాల గుర్తులే చూశాను. ముందు చక్రాలు తన్నిన మట్టి వెనక్కి పడుతోంది. ఎప్పుడూ బండి పక్కన నడిచే మనిషి ఈసారి బండిలో ఉన్నారు. ఆపుకోలేక ఏడ్చేశాను.

ఇది రాస్తుంటే బండి వాకిట్లోనే ఉంది. వాన వెలిసింది, బురద ఎండి తెల్లబడింది. కుడి బిళ్ళ మీద మాత్రం కోటయ్య వేళ్ళు పడ్డ చోట ఇనుము కనిపిస్తోంది. కోటయ్య రోజూ పొద్దున వస్తాడు, కడగడానికని బకెట్టు నిండా నీళ్ళు తోడి బండి పక్కన పెడతాడు, ఆ బురద కేసి చూసి, ఆ నీళ్ళు తీసుకెళ్ళి గేదెల తొట్లో పోస్తాడు.