లాంజ్‌లో ఏం పెడతారు

2023 మార్చి. హిందూపురంలో ఒక ప్రైవేటు బ్యాంకు తరఫున క్రెడిట్ కార్డులు అమ్మేవాణ్ణి. మార్చి అంటే మాకు టార్గెట్ నెల, అంటే అనుకున్నన్ని కార్డులు తెగకపోతే చేతికొచ్చే జీతంలో కోత పడుతుంది. ఆ నెలలో మా నోళ్ళకు అడ్డూ అదుపూ ఉండదు.

పెనుకొండ ఆసుపత్రిలో నర్సుగా చేసే ఎస్తేరమ్మను కలిసింది అప్పుడే. ఆమె మొదట అడిగింది వడ్డీ గురించే.

"నూటికి ఎంత పడతాది సార్?"

"గడువులోపల కట్టేస్తే వడ్డీయే లేదు మేడమ్," అన్నాను. గడువు దాటితే నెలకు నూటికి మూడున్నర రూపాయలని నాకు తెలుసు. మా ఊళ్ళో వడ్డీకిచ్చే వాళ్ళు కూడా తెలిసినవాళ్ళ దగ్గర అంత అడగడానికి మొహమాటపడతారు. ఆ ముక్క మింగేసి మాటను లాంజ్ మీదికి మళ్ళించాను. లాంజ్ అంటే ఎయిర్‌పోర్టులో ప్రయాణికులు కూర్చుని తినే హాలు. ఈ కార్డు చూపిస్తే బెంగళూరు ఎయిర్‌పోర్టులో పైసా ఖర్చు లేకుండా కడుపు నిండా టిఫిన్ పెడతారని చెప్పాను.

"నేను పోయినప్పుడల్లా అక్కడే తింటాను మేడమ్. నెయ్యి దోసె, కేసరిబాత్, కోసిన పండ్లు, ఫిల్టర్ కాఫీ. ఎంత తిన్నా అడిగేవాడు లేడు."

నేను ఏ ఎయిర్‌పోర్టు గడపా తొక్కినవాణ్ణి కాను. బ్రోషర్‌లో ఫొటోలు చూశాను, అంతే.

"అయితే మా నాయనను తీసుకపోతా," అంటూ ఎస్తేరమ్మ పెన్ను తీసుకుంది. ఆయన పేరు దావీదు. ధర్మవరం వైపు రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. విమానాన్ని తలెత్తి చూడటమే గానీ దగ్గరగా చూసింది లేదట. లోపలికి పోవాలంటే విమానం టికెట్టు ఉండాలన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. సంతకం ఇంకా పూర్తి కాలేదు. ఊరుకున్నాను.

కార్డు చేతికందిన కొన్నాళ్ళకు తండ్రీకూతుళ్ళిద్దరూ మా బ్రాంచికి వచ్చారు. ఎస్తేరమ్మ కార్డు తీసి నా టేబుల్ మీద పెట్టింది.

"టికెట్టు లేదని గేటుకాడ పోలీసాయన నిలబెట్టేసినాడు సార్. మా నాయన ఇస్త్రీ చొక్కా ఏసుకోని, కార్డు చేతిలో పట్టుకోని చూపిస్తాండాడు. ఎనకాలోళ్ళు జరగండి జరగండి అంటాండారు. ఆ ఒక్క మాట మీరెందుకు చెప్పలేదు?"

ఇద్దరూ బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడి, బన్నులు తిని తిరిగొచ్చారట.

దావీదు కూతురి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. తన కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.

"పోనీలే పాపా. ఏమప్పా, నాకొక సాయం చెయ్యి. పోయేముందర పెనుకొండలో మా టీ అంగడికాడ అందరికీ చెప్పుకోని పోయినా. ఇప్పుడు ఆడ ఏం తిన్యావు, ఎట్లుండాది అని ఒకటే అడుగుతాండారు. ఆ దావనే ఇడిసిపెట్టినా. నువ్వు తిన్యావంట గదా, ఏమేం పెడతారో చెప్పు. అదే చెప్పుకుంటా."

నాకు తల కొట్టేసినట్లయింది. "పెద్దాయనా, నేనూ ఎప్పుడూ లోపలికి పోలేదు. అమ్మకానికి అబద్ధం చెప్పినాను," అన్నాను. ఎస్తేరమ్మ ముఖం తిప్పేసుకుంది. నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త తెరిపిగా ఉండేది.

ముసలాయన గొంతు తగ్గించి, "అయితే మా పాపకు చెప్పినావే, ఆ మాటలే చెప్పు. ఇనేకి బాగుండాయి," అన్నాడు.

చెప్పాను. నెయ్యి దోసె, కేసరిబాత్, పండ్లు, కాఫీ. ఆయన వేళ్ళు మడుచుకుంటూ నాకు అప్పజెప్పాడు. పండ్లు మరిచిపోతే నేనే అందించాను. బతుకంతా ఎండలో పట్టాలు సరిచేసిన మనిషి, నా అబద్ధాన్ని వల్లె వేసుకుని వెళ్ళాడు.

ఆ కార్డు ఆ రోజే రద్దు చేయించాను. నేనింకా కార్డులే అమ్ముతున్నాను, తెలిసిన పని ఇదొక్కటే. అయితే ఎవరి దగ్గరైనా ముందు ఆ మూడున్నర రూపాయల సంగతి చెబుతాను, చాలామంది అక్కడే లేచిపోతారు. లాంజ్‌కు టికెట్టు కావాలని చెబుతాను. లోపల ఏం పెడతారని అడిగితే తెలియదంటాను. పని మీద పెనుకొండకు పోతే మాత్రం, దావీదు నా అబద్ధం చెప్పుకునే ఆ టీ అంగడి ముందు నుంచి నేను పోను.